గోడకీ శ్లాబుకీ మధ్య కార్నిస్: నెల్లూరు చెమ్మకి తట్టుకునేలా బిగించే పద్ధతి

వేదాయపాళెంలో ఒక ఇంటి హాల్లో మేం బిగించిన పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కార్నిస్, అంటే గోడా శ్లాబూ కలిసే మూల వెంట పెట్టే బోర్డరు, రెండేళ్లు తిరక్కముందే నాలుగడుగుల ముక్క ఊడి పడింది. అర్ధరాత్రి కాబట్టి కింద ఎవరూ లేరు. మర్నాడు వెళ్లి ఆ ముక్కని తిరగేసి చూశాను. వెనకవైపు లేత ఆకుపచ్చ డిస్టెంపరు, బ్రష్షు గీతలతో సహా, నున్నగా అంటుకుని వచ్చేసింది. దాని మీద సున్నం పొరలు. ఏటా సంక్రాంతికి కొట్టించిన వెల్లంతా ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంది. గోరు తగిలిస్తే పొడిపొడిగా రాలింది. పీఓపీ తన పట్టు వదల్లేదు. అది పట్టుకున్న రంగు గోడని వదిలేసింది. పండగ దగ్గరపడిందని, గోడ గీకకుండానే బిగించమన్నది నేనే. ఆ తప్పు నాది.

అప్పటి నుంచి ఎవరు కార్నిస్ గురించి అడిగినా డిజైన్ల దగ్గర మొదలుపెట్టను. గోడ దగ్గర మొదలుపెడతాను. పనిలో సగానికి పైగా ముక్క పైకెక్కక ముందే అయిపోవాలి. ఒక గది మీరే సొంతంగా చేసుకోవాలనుకున్నా, మేస్త్రీతో చేయిస్తూ దగ్గరుండి చూసుకోవాలనుకున్నా ఇది పనికొస్తుంది.

అసలు కార్నిస్ ఎందుకు

గోడా శ్లాబూ కలిసే గీత ఏ ఇంట్లోనూ దారం పట్టినట్టు ఉండదు. గోడ ఇటుక, పైన కాంక్రీటు. రోహిణీ కార్తె ఎండకి శ్లాబు వేడెక్కి సాగుతుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. కింద గోడ దాంతో పాటు సాగదు. అందుకే పై అంతస్తు ఇళ్లలో ఆ మూలంతా వెంట్రుకవాసి పగులు కనపడుతుంది. లప్పం పెట్టి మూసినా మళ్లీ ఎండాకాలానికి తెరుచుకుంటుంది. ఆ పగుల్ని కంటికి కనపడకుండా చేసి, చూపుకి ఒక చక్కటి అంచు ఇవ్వడం కార్నిస్ పని. మన గుళ్లలో గోడ పైన ముందుకి వంగి ఉండే కపోతం కూడా ఈ జాతిదే. కాకపోతే అది బయట ఉండి వాన నీళ్లు గోడ మీద జారకుండా అవతలికి పడేస్తుంది.

కార్నిస్ పగుల్ని కప్పుతుంది గానీ వంకరని కప్పదు. గది వంకరగా ఉంటే, నిక్కచ్చిగా తిన్నగా ఉన్న ముక్కొకటి పక్కన పెట్టగానే ఆ వంకర ఇంకా ఎక్కువగా కనపడుతుంది. అందుకే కొలతల దగ్గర తొందర పడొద్దని పదేపదే చెబుతాను.

ఒక మాట. స్టోన్‌హౌస్‌పేట లాంటి పాత పేటల్లో టేకు దూలాల మీద ఇటుకా సున్నమూ వేసి కట్టిన మిద్దెలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ గదుల్లో దయచేసి కార్నిస్ పెట్టకండి. దూలాలు గోడలోకి దిగే చోటుని మూసేస్తే కొయ్యకి గాలాడదు, చెదలు పట్టినా తెలియదు. ఆ దూలాల వరసే ఆ గదికి అందం.

ఏ సరుకు తీసుకోవాలి

మన వైపు ఎక్కువగా వాడేది పీఓపీ. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులో కలిసున్న నీటిలో ముప్పాతిక వంతు పోతుంది. మనం నీళ్లు కలిపినప్పుడు ఆ పొడి నీటిని తిరిగి తీసుకుని మళ్లీ జిప్సం రాయి అవుతుంది. మన దేశంలో జిప్సం ఎక్కువగా దొరికేది రాజస్థాన్‌లో. పీఓపీకి పెద్ద సుగుణం, గట్టిపడేటప్పుడు సిమెంటులా ముడుచుకోదు. కాస్త ఉబ్బుతుంది. అందుకే సందుల్లోకి చక్కగా దిగుతుంది, అచ్చులో గీత గీతా పడుతుంది. పెద్ద లోపం, అది నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. చెమ్మ ఆగకుండా తగులుతుంటే మెత్తబడి పిండైపోతుంది.

ఎండిన గదికి, మేస్త్రీ చేత చేయించేటట్టయితే, నా ఓటు పీఓపీకే. మూలల్లో తేడా వచ్చినా అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు, అతుకు కనపడదు. ముక్కల్లో కొబ్బరి పీచు వేసి పోసినవే కొనండి. పీచు లేని ముక్క చేతిలోంచి జారితే బిస్కెట్టులా విరుగుతుంది. ముక్కని వెనక్కి తిప్పి చూస్తే పీచు కనపడుతుంది.

సొంతంగా చేసుకునేవాళ్లకి పీయూ, అంటే పాలీయూరిథేన్ ముక్కలు తేలిక. బరువుండవు, చెమ్మకి చెడవు, చెదలు పట్టవు, రంపంతో వెన్నలా కోసుకోవచ్చు. పొడవు దాదాపు ఎనిమిదడుగులు ఉంటుంది. ఖరీదు ఎక్కువ. చూడ్డానికి అలాగే ఉండే థర్మోకోల్ ముక్కలు చవగ్గా దొరుకుతాయి. వాటిని నేను వంటింట్లోకీ దేవుడి గదిలోకీ రానివ్వను. నిప్పుకి అంటుకుంటాయి. పైగా ప్లైవుడ్‌కి వాడే ఘాటు వాసన జిగురు పూస్తే కరిగి గుంటలు పడతాయి. నీళ్లతో చేసిన జిగురే వాడాలి.

ఎండీఎఫ్, అంటే చెక్క నారని జిగురుతో నొక్కి చేసిన పలక, మన తీరానికి పనికిరాదు. ఒక్క కార్తీక మాసం గడిస్తే అంచులు ఉబ్బుతాయి. టేకు కార్నిస్ బ్రహ్మాండంగా ఉంటుంది కానీ అది వడ్రంగి పని. అందులో ఒక్క సంగతి తర్వాత చెబుతాను.

సైజు విషయంలో మా లెక్క ఇది. శ్లాబు తొమ్మిదిన్నర, పదడుగుల ఎత్తుంటే పడకగదికి 3 నుంచి 4 అంగుళాలు, హాలుకి 4 నుంచి 5. అంతకంటే పెద్దది పెడితే గది కప్పు కిందికి దిగినట్టుంటుంది. కొనే ముందు గదిలో నిలబడి నాలుగు చూసుకోండి: కర్టెన్ రాడ్డు, అటక, ఏసీ, జంక్షన్ బాక్స్. ఏసీ పైన కంపెనీ చెప్పిన ఖాళీ వదలాలి, కార్నిస్ దాన్ని తినేయకూడదు. శ్లాబుకి కాస్త కిందగా గోడలో గుండ్రటి మూతతోనో చదరపు మూతతోనో జంక్షన్ బాక్స్ ఉంటుంది. దాన్ని కార్నిస్ వెనక పూడ్చేస్తే, రేపు వైరు కాలినప్పుడు ఎలక్ట్రీషియన్ మీ కార్నిస్‌నే పగలగొడతాడు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి దాటాక, మే నెల లోపు. నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ మూడు నెలల్లో పీఓపీ గట్టిపడుతుంది గానీ ఎండదు. ఈ రెండూ వేరువేరని చాలామంది గమనించరు. గట్టిపడటం అరగంట పని. ఎండటం వారాల పని.

శ్లాబు ఉరుపు ఉంటే ముందు మిద్దె మీద పని చేయించండి. ఒక వానాకాలం చూసి, మరక పెరగలేదని తెలిశాక కార్నిస్ సంగతి. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు నీళ్లు నిలిచిన ఇళ్లలో, చూపుకి ఎండినట్టున్న గోడలు లోపల నెలల తరబడి చెమ్మతోనే ఉన్నాయి.

చెమ్మ ఉందో లేదో తెలుసుకోడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండడుగుల చదరపు ప్లాస్టిక్ కాగితం తీసుకుని, కార్నిస్ వచ్చే ఎత్తులో గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. మర్నాడు అదే వేళకి తీయండి. లోపలి వైపు నీటి బొట్లు పట్టినా, గోడ రంగు ముదిరినా ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదు. గోడ ఉప్పు పూసి తెల్లగా పొడి రాలుతుంటే కూడా అంతే.

గోడని గీకడం

ఒక ఒకటిన్నర అడుగు కార్నిస్ ముక్కని గోడకీ శ్లాబుకీ సరిగ్గా ఆనేలా మూలలో పట్టుకోండి. పై అంచు శ్లాబు మీద, కింది అంచు గోడ మీద ఎక్కడికొస్తాయో పెన్సిలుతో గుర్తు పెట్టండి. అదే మీ పట్టీ వెడల్పు. ఆ రెండు గీతల మధ్యన ఉన్న రంగు మొత్తం పోవాలి. సున్నం అయితే నీళ్లు చల్లి నానబెట్టి లప్పం పట్టీతో గీకితే పొరలుగా వస్తుంది. డిస్టెంపరు కూడా అంతే. ఎమల్షన్ పెయింటు మొండిది, దాన్ని గరుకు కాగితంతో గరుకుబరచి, ఉలితో వేలెడు దూరానికొక గాటు పెట్టాలి. సెంట్రింగ్ రేకు మీద పోసిన శ్లాబు అడుగు అద్దంలా నున్నగా ఉంటుంది. అక్కడ గాట్లు తప్పనిసరి.

గీకడం అయ్యాక స్క్రూడ్రైవరు పిడితో గోడని అడుగడుగుకీ తట్టండి. గట్టి చోట ఠంగుమంటుంది, డొల్ల చోట డబ్బుమంటుంది. డొల్లగా ఉన్న ప్లాస్టరింగ్‌ని కొట్టేసి మళ్లీ పూయించండి. బేల్దారి మేస్త్రీకి అది ఒక పూట పని. కొత్త ప్లాస్టరింగ్‌ని కనీసం నెల రోజులు ఎండనివ్వాలి.

మట్టం పట్టడం

ఇక్కడ ఎంత సేపు పట్టినా ఫర్వాలేదు. లేజర్ లెవెల్ ఉంటే సరే. లేకపోతే బేల్దార్లు వాడే సన్నటి పారదర్శక ట్యూబు చాలు. అందులో నీళ్లు నింపి, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసుకోండి. బుడగ ఉంటే మట్టం తప్పుతుంది. మీ కంటి ఎత్తులో ఒక మూల గుర్తు పెట్టి, ఆ గుర్తుకి ఒక కొసలోని నీటిని సరిచేస్తే, రెండో కొసలో నీరు నిలిచిన చోటే మిగతా మూలలకి గుర్తు. నాలుగు మూలలూ, ప్రతి గోడ మధ్యా గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు నుంచి శ్లాబు దాకా టేపుతో కొలిచి గోడ మీదే రాయండి.

12 అడుగులు, 10 అడుగుల గది అనుకుందాం. నాలుగు మూలల్లో కొలతలు 4 అడుగుల 11 అంగుళాలు, 11¼, 11½, 11¾ వచ్చాయి. అంటే శ్లాబు ముప్పావు అంగుళం వాలింది. ఇప్పుడు కార్నిస్‌ని మట్టానికి పెట్టాలా, శ్లాబుతో పాటు వాలనివ్వాలా?

తేడా పావు అంగుళం లోపైతే మర్చిపోండి, శ్లాబుని అనుసరించండి. అర అంగుళం దాకా ఉంటే కింది అంచు పక్కన చూపు పోల్చుకునేది ఏముందో చూడండి. పైదాకా కట్టిన బీరువా గానీ, తలుపు మీది వెంటిలేటరు గానీ, టైల్స్ గీత గానీ దగ్గర్లో ఉంటే కన్ను వెంటనే పోల్చుకుంటుంది. అక్కడ కింది అంచు మట్టానికే ఉండాలి. అలాంటిదేమీ లేని గోడ మీద వాలుని ఎవరూ కనిపెట్టలేరు. అర అంగుళం దాటితే మాత్రం శ్లాబు అన్నింటికంటే కిందికి దిగిన మూలని ఆధారం చేసుకుని గదంతా మట్టం గీత కొట్టండి. మిగతా చోట్ల పై అంచుకీ శ్లాబుకీ మధ్య వచ్చే సందుని పీఓపీతో నింపి, శ్లాబు మీద రెండడుగుల దూరం దాకా లప్పం పలచగా లాగితే సర్దుకుపోతుంది. మన గది ముప్పావు అంగుళం కాబట్టి ఇదే దారి.

నిర్ణయం అయ్యాక, ముక్క కింది అంచు గుర్తుల మీద రంగు దారం లాగి గోడ చుట్టూ గీత కొట్టండి. ఆ దారం లాగినప్పుడే గోడ పొట్ట కూడా తెలుస్తుంది. దారం రెండు కొసల్లో తగిలి మధ్యలో ఎడంగా ఉంటే గోడ లోపలికి పోయింది. పీయూ ముక్క కాస్త వంగి సర్దుకుంటుంది. పీఓపీ వంగదు. వెనక నింపుకోవాలి.

ఆ తర్వాత మూలలు. గోడ మీద మూల నుంచి ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఐమూలగా కొలవండి. సరిగ్గా 5 అడుగులుంటే మూల లంబంగా ఉన్నట్టు. ఎక్కువ వస్తే మూల విచ్చుకుంది, తక్కువ వస్తే ముడుచుకుంది. నా చేతుల మీదుగా పోయిన ఇళ్లలో నాలుగు మూలలూ 90 డిగ్రీలు వచ్చిన గది అరుదు.

కోత

తల తిరిగేది ఇక్కడే. ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు. గది లోపలి మూలకి వచ్చే ముక్కలో గోడకి ఆనే అంచు పొడుగ్గా, శ్లాబుకి ఆనే అంచు పొట్టిగా ఉంటుంది. స్తంభం చుట్టూ వచ్చే బయటి మూలకి దీనికి పూర్తిగా రివర్స్. కాబట్టి కొలత ఎప్పుడూ గోడ అంచుకే తీసుకోండి.

మైటర్ బాక్స్‌లో, అంటే వాలుగా కోయడానికి రంపం దిగే గాట్లున్న పెట్టెలో, ముక్కని తలకిందులుగా పెట్టాలి. బాక్స్ అడుగుని శ్లాబు అనుకోండి, నిలువు పక్కని గోడ అనుకోండి. శ్లాబు అంచు అడుగున ఆనాలి, గోడ అంచు నిలువు పక్కకి ఆనాలి. ముక్క కదలకుండా అడుగున చిన్న చెక్క పట్టీ కొట్టుకుంటే ప్రతి కోతా ఒకేలా వస్తుంది.

మూల 90 అయితే 45 కోత. మూల 92 వస్తే రెండు ముక్కలకీ చెరి సగం, 46. కరెంటు మైటర్ రంపంలో తిన్నటి కోత సున్నా కాబట్టి దాని మీద 44 అని పెట్టాలి. ఇక్కడ తికమక పడి రెండు వైపులా తప్పు కోసినవాళ్లని చూశాను. అందుకే అసలు ముక్క జోలికి పోకముందు పనికిరాని ముక్కల మీద నాలుగు నమూనాలు కోసి పెట్టుకోండి: లోపలి మూల ఎడమ, లోపలి మూల కుడి, బయటి మూల ఎడమ, బయటి మూల కుడి. మార్కరుతో పేర్లు రాయండి. కోసే ముందు నమూనాని మూలలో పెట్టి చూసి, అదే వాలుగా కోయండి.

కొందరు ముక్కని రంపం బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కోస్తారు. అప్పుడు 45 పనిచేయదు. రెండు కోణాలు కలపాలి. అమెరికాలో మామూలుగా దొరికే చెక్క కార్నిస్ గోడతో 38 డిగ్రీల వాలుగా కూర్చుంటుంది. దానికి 90 మూలలో బల్ల తిప్పడం 31.6, బ్లేడు వంచడం 33.9. గోడకీ శ్లాబుకీ సమంగా 45 వాలుతో కూర్చునే ముక్కకి బల్ల 35.3, బ్లేడు 30. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి చేసేవాళ్లు తమ ముక్క ఏ వాలుదో చూసుకోకుండా ఈ అంకెలు పెట్టి సరుకు పాడుచేసుకుంటారు. మైటర్ బాక్స్‌లో తలకిందులుగా పెట్టే పద్ధతిలో ఈ బాధే లేదు.

చెక్క గురించి చెబుతానన్నది ఇదే. చెక్క వాతావరణంతో పాటు వెడల్పులో సాగి ముడుచుకుంటుంది కాబట్టి లోపలి మూలలో 45 అతుకు కొన్నాళ్లకి నోరు తెరుస్తుంది. ఒక ముక్కని తిన్నగా గోడ దాకా పోనిచ్చి, రెండో ముక్క కొసని మొదటిదాని ఒంపుకి అచ్చంగా సరిపోయేలా సన్న రంపంతో చెక్కి కూర్చోబెట్టాలి. మంచి వడ్రంగికి చెబితే అర్థమవుతుంది.

సరుకు లెక్క చూద్దాం. మన గది చుట్టుకొలత 44 అడుగులు. ఎనిమిదడుగుల ముక్కలు ఆరు తెస్తే 48. కాగితం మీద సరిపోతుంది. కానీ ఒక్క కోత తప్పితే పని ఆగుతుంది కాబట్టి ఏడు తెచ్చుకోండి. పదడుగుల గోడకి ఎనిమిదీ రెండూ అతికితే ఆ చిన్న ముక్క ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆరూ నాలుగుగా పంచుకోండి. తలుపు తీయగానే ఎదురుగా కనపడే గోడతో మొదలుపెట్టి, చివరి మూల తలుపు ఉన్న గోడ వైపు వచ్చేలా చూసుకోండి. సర్దుబాట్లన్నీ ఆఖరి మూలలోనే తేలతాయి. గదిలోకి వచ్చేవాళ్లకి అది వీపు వెనక ఉంటుంది.

బిగించడం

రెండు స్టూళ్ల మీద గట్టి బల్ల వేసుకోండి. కుర్చీల మీద నిలబడి ఈ పని చేయొద్దు. పొడవాటి ముక్కకి ఇద్దరు మనుషులు కావాలి. ఆ గదికి కరెంటు వెళ్లే ఎంసీబీ స్విచ్చి ఆపేయండి.

స్క్రూలు గోడకే దించండి, శ్లాబుకి వద్దు. శ్లాబు లోపల కడ్డీలూ కరెంటు పైపులూ ఉంటాయి. పైగా ముందే చెప్పినట్టు శ్లాబు కదులుతుంది. గోడకీ శ్లాబుకీ రెండింటికీ గట్టిగా కట్టేసిన ముక్క ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. గోడలో కూడా స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైన డ్రిల్లు పెట్టకండి. పైపు అక్కడే శ్లాబు నుంచి దిగుతుంది. మన ఇళ్లలో శ్లాబు కింద చాలాచోట్ల బీము ఉంటుంది. మామూలు డ్రిల్లు అక్కడ వేడెక్కడం తప్ప దిగదు. హ్యామర్ డ్రిల్లు తెచ్చుకోండి. రెండడుగులకొక 6 మిల్లీమీటర్ల రంధ్రం, ప్లాస్టిక్ ప్లగ్గు, రెండంగుళాల స్క్రూ. కళ్లద్దాలు పెట్టుకోండి. నల్ల స్క్రూలు వాడొద్దు. సముద్రపు గాలికి తుప్పుపట్టి, ఏడాదిలో తెల్ల కార్నిస్ మీద గోధుమరంగు చుక్కలు దిగుతాయి. స్టీలువి గానీ జింకు పూతవి గానీ తీసుకోండి.

పీఓపీ కలపడం చేయి తిరగాల్సిన పని. ముందు పొడి బతికుందో లేదో చూడండి. కొబ్బరి చిప్పలో రెండు చెంచాల నీళ్లు పోసి, నాలుగైదు చెంచాల పొడి చల్లి కలిపి పక్కన పెట్టండి. ఇరవై నిమిషాలకి గోరు దిగకుండా గట్టిపడితే మంచిది. వానాకాలంలో మూతి విప్పి వదిలేసిన సంచిలోని పొడి గాలిలో చెమ్మ పీల్చి చచ్చిపోతుంది. అది ఎంతసేపటికీ పెరుగులాగే ఉంటుంది.

నీళ్లు తాగడానికి పనికొచ్చేవి కావాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ల వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఉప్పు పీఓపీని తొందరగా బిగపెడుతుంది, చేతిలో ఉండగానే గట్టిపడుతుంది. ఎండాక అదే ఉప్పు పైకి పూసి రంగుని తోసేస్తుంది. పాత ముద్ద అంటుకున్న గమేళా కూడా తొందరగా బిగపెడుతుంది. ప్రతిసారీ కడగండి.

10 కిలోల పొడికి 6, 7 లీటర్ల నీళ్లు. ముందు నీళ్లు, తర్వాత పొడి. పిండి జల్లించినట్టు నీటి మీద చల్లుతూ పోతే, కాసేపటికి పొడి మునగకుండా పైన దిబ్బల్లా తేలుతుంది. అక్కడ ఆపండి. ఒక నిమిషం నాననిచ్చి, నురుగు రాకుండా నెమ్మదిగా కలపండి. వేళ్ల మధ్య నుంచి మజ్జిగలా జారుతున్నప్పుడు చల్లగా ఉంటుంది. మీగడలా అయినప్పుడు వాడాలి. చేతికి వెచ్చగా తగిలిందంటే దాని పని అయిపోవచ్చింది. అప్పుడు నీళ్లు పోసి పలచన చేసి వాడితే ఎండాక సుద్దలా రాలుతుంది. పారేయండి. అందుకే ఒకసారి కలిపితే పది నిమిషాల్లో అయ్యేంతే కలపండి. చేతికి తొడుగు వేసుకోండి. గట్టిపడే ముద్దలో చెయ్యి ఉంచితే వేడికి కాలుతుంది.

గీకిన పట్టీని బ్రష్షుతో తడపండి. ముక్క వెనక అంచుల్ని కూడా. ఎండు గోడ ముద్దలోని నీటినంతా లాగేసి పట్టు లేకుండా చేస్తుంది. అంచుల మీద ముద్ద వేసి, కింది అంచుని గీత మీద నిలిపి, పైకి నొక్కి, స్క్రూలు బిగించండి. స్క్రూ తల కొద్దిగా లోపలికి పోవాలి. ఎక్కువ తిప్పితే ముక్క చిట్లుతుంది. పక్కకి పొంగిన ముద్దని అప్పుడే తడి బ్రష్షుతో తుడిచేయండి. ముక్కకీ ముక్కకీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు వదిలి, మొత్తం అయ్యాక తడిపి నింపండి. మూలల్లో ఒంపు గీతల్ని చిన్న ఆకు తాపీతో ఒకదానిలోకి ఒకటి కలిపేయడమే మేస్త్రీ పనితనం. అక్కడ అతనికి సమయం ఇవ్వండి.

పీయూ ముక్కలకి ఇంత హడావుడి లేదు. గరుకుబరిచిన పొడి గోడకి మౌంటింగ్ జిగురు రెండు అంచులకీ తీగలా పెట్టి, నొక్కి, జిగురు ఆరేదాకా నిలవడానికి చిన్న మేకులు కొడితే సరిపోతుంది. అతుకుల్ని వాలుగా కోసి ఒకదాని మీద ఒకటి ఎక్కించి జిగురు పెట్టండి.

మేస్త్రీతో బేరం రన్నింగ్ అడుగు లెక్కన ఉంటుంది. ఆ రేటులో సరుకు, పరంజా, గోడ గీకడం, స్క్రూలు కలిసున్నాయో లేదో ముందే తేల్చుకోండి. గీకడాన్ని వేరే పనిగా రాయించి, దానికి వేరే డబ్బు ఇవ్వండి. డబ్బు రాని పనిని ఎవరైనా పైపైనే చేస్తారు.

పై అంచు, రంగు

పై అంతస్తులో అయితే కార్నిస్ పై అంచుకీ శ్లాబుకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందుని పీఓపీతో గట్టిగా మూయకండి. అక్కడ అక్రిలిక్ సీలెంట్ పెట్టి తడి వేలితో సాఫుచేయండి. శ్లాబు కదిలినా అది రబ్బరులా సాగుతుంది. సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు.

ఎండిందో లేదో చెయ్యి వెనక వైపు ఆనించి చూడండి. పక్క గోడ కంటే చల్లగా తగిలితే ఇంకా నీళ్లున్నాయి. మార్చిలో వారం, పది రోజులు చాలు. నవంబరులో అయితే మూడు వారాలైనా ఓపిక పట్టాలి. పూర్తిగా ఎండాక సన్నటి గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, వాటర్ ప్రైమరు ఒక చేయి, ఎమల్షన్ రెండు చేతులు వేయండి. ముందు శ్లాబు, తర్వాత కార్నిస్, చివర గోడ. ఆయిల్ పెయింటు వేయొద్దు. లోపల మిగిలిన చెమ్మ బయటికి రాలేక రంగుని బుడగలుగా లేపుతుంది. రంగు మీ ఇష్టం. చిన్న గదిలో శ్లాబు తెలుపే కార్నిస్‌కీ వేస్తే కప్పు ఎత్తుగా కనపడుతుంది.

మొదటి ఎండాకాలం దాటాకా, మొదటి వానలు పడ్డాకా ఒక్కోసారి స్టూలెక్కి గది చుట్టూ చూడండి. పై అంచులో సీలెంటు విడిస్తే మళ్లీ ఒక గీత పెట్టండి. ఎక్కడైనా పసుపు మరక కనిపిస్తే కార్నిస్‌కి రంగు వేయకండి, మిద్దె ఎక్కి దానికి సరిగ్గా పైన ఏముందో చూడండి. మిగిలిన రెండడుగుల ముక్కనీ, దాని వెనక డిజైన్ నెంబరు రాసి, పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టండి. పదేళ్ల తర్వాత ఒక మూల దెబ్బ తింటే ఆ అచ్చు అంగడిలో దొరకదు. ఆ ముక్కే ఉంటే దాని మీద కొత్త అచ్చు తీయొచ్చు.